మెయిను పెట్టె చెప్పు నిజము

క్రొత్తయిండ్లను చూడబోవుట మనవారికొక వేడుక. గృహప్రవేశమునకు పిలిచిన గృహస్థుడు చుట్టపక్కములను వెంటబెట్టుకొని సింహద్వారపు చెక్కడమును చూపును. పూజగదిలోని పాలరాతిని చూపును. వంటింటి యరలను లాగి చూపును. స్నానపుగదిలోని కొళాయిలను ఎచ్చటినుండి తెప్పించెనో చెప్పును. ఇట్టి వేడుకలకు మేమును అనేక పర్యాయములు పోయితిమి. కాని, "ఇదిగో, మా యింటి కరెంటు పెట్టె, దీనిలో నేమేమి యున్నవో చూడుడు" అని దాని తలుపు తెరచి చూపిన గృహస్థుడు మాకింతవరకు తారసపడలేదు. ఆ పెట్టెమీద నొక దేవుని క్యాలెండరు వ్రేలాడుచుండును. లేదా చెప్పుల బీరువా దానికడ్డముగా నిలిచియుండును. కరెంటు పోయిననాడు మాత్రమే ఇంటివారికది జ్ఞప్తికి వచ్చును.

పనివారు దీనిని డీబీ యందురు, ఇంటివారు మెయినందురు. వీథిస్తంభమునుండి వచ్చిన కరెంటు మీటరును దాటి మొట్టమొదట చేరునది ఈ పెట్టెకే. ఇచ్చటనే అది పాయలుగా చీలి దీపములకును, ఫ్యానులకును, వంటింటి సాకెట్లకును, గీజరుకును వేరువేరుగా ప్రాకును. లాకులవద్ద కాలువనీరు పంపకమైనట్లే ఇచ్చట కరెంటు పంపకమగును. లాకు పాడైనచో దిగువ పొలముల గతి యేమగునో గోదావరి రైతునకు మనము చెప్పనక్కరలేదు. ఈ పెట్టె పాడైనచో ఇంటి గతి యేమగునో మాత్రము పెద్ద చదువులు చదివినవారు సైతము విచారింపరు.

విచారింపకపోవుటవలన కలుగు నష్టము చిన్నది కాదు. దేశములోని ప్రమాద మరణములను లెక్కించి ప్రకటించు జాతీయ నేర నమోదు సంస్థవారి ఇటీవలి వార్షిక పట్టికలను చూచినచో, కరెంటు తగిలి మరణించినవారు ఏటేటా పదివేలకు పైబడియే యున్నారు. వీరందరును ఇండ్లలోనే మరణించిరని మేము చెప్పము. పొలములలో తెగిపడిన తీగలను త్రొక్కినవారును, స్తంభముల పైనుండి పడిన పనివారును వీరిలో కలరు. కాని ఇనుప దండెముపై తడిబట్ట లారవేయుచు కూలిన తల్లులును, వారిని విడిపింపబోయి తామును ప్రాణములు విడిచిన బిడ్డలును మన పత్రికల జిల్లా పుటలలో ప్రతి వర్షాకాలమునందును కనబడుచునే యున్నారు. అట్టి వార్త చదివి మనవారు "ఆయువు తీరినది" అని నిట్టూర్చి పుట త్రిప్పుదురు. ఆయువు ఎందువలన తీరినదో ఆ యింటి పెట్టె నడిగిన యెడల అది చెప్పగలదు. పెట్టెకు అబద్ధమాడుట రాదు. అది చెప్పు నిజమును విననొల్లక దాని నోరు నొక్కుట మనలో ఆచారమైపోయినది. ఈ వ్యాసమున మేము విన్నవింపదలచినది ఇంతే.

మొదట ఆ పెట్టెలోని కావలివారెవరో చదువరులు తెలిసికొనవలెను. కాలక్రమమున అందు ముగ్గురు చేరిరి. మొదటివాడు ఫ్యూజు. ఎడిసను 1890లో దీనికి పేటెంటు పొందెను. మితిమీరిన కరెంటు పారినపుడు సన్నని తీగ తాను కరగిపోయి ఇంటి తీగలను కాపాడును. మన పాత యిండ్లలోని తెల్లని పింగాణి కిట్‌క్యాటులలో నున్నది ఇదియే. రెండవవాడు ఎమ్‌సీబీ యనబడు చిన్న మీట. 1924లో జర్మనీలోని మన్‌హైము నగరమున హ్యూగో స్టాట్జు కర్మాగారమునందు ఇది రూపొందినది. ఇది కరగదు, తనంతట తాను క్రిందికి పడును, కారణము తొలగించిన పిమ్మట మరల పైకెత్తవచ్చును. మూడవవాడు ఆర్‌సీసీబీ. ఇట్టి సాధనములు ఐరోపాలో అంతకుముందే కొన్ని యున్నను, మనుష్యప్రాణమును కాపాడునంత సూక్ష్మముగా పనిచేయు సాధనమును నిర్మించినవారిలో ప్రసిద్ధుడు అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన చార్లెసు డాల్జియెలు. ఆయన దానిని 1961లో రూపొందించెను.

ఈ డాల్జియెలు చేసిన పరిశోధన మన విషయమునకు మిక్కిలి ముఖ్యమైనది. తమంతట తాము ముందుకు వచ్చినవారి చేత తీగను పట్టించి, కరెంటును కొద్దికొద్దిగా పెంచుచు, ఎంతవరకు మనుష్యుడు తీగను వదలగలడో ఆయన కొలిచెను. పురుషులకు సగటున 16 మిల్లీ ఆంపియర్లు, స్త్రీలకు సగటున పదిన్నర మిల్లీ ఆంపియర్లు దాటగానే చేతి కండరములు బిగిసి వ్రేళ్ళు తమ మాట వినకుండెను. "కరెంటు పట్టుకొన్నది, వదలలేదు" అని మన పల్లెలలో చెప్పుమాట ఇదియే. ఇప్పుడు మన సాకెట్లను కాచు ఎమ్‌సీబీపైని అంకెను చూడుడు. తరచుగా 16 అని యుండును. అది మిల్లీ ఆంపియరు కాదు, ఆంపియరు. మనుష్యుని చేతిని బంధించు కరెంటునకు వేయింతలు పారుచున్నను ఆ మీట కదలక నిలుచును. అట్లు నిలుచుటయే దాని ధర్మము. అది గోడలోని తీగను కాచుటకు పుట్టినది. "మా యింటిలో అన్నియు ఎమ్‌సీబీలే, మాకు భయము లేదు" అని పలుకువారు తీగకు కట్టిన కావలిని తమకు కట్టినదిగా భ్రమపడుచున్నారు.

మనుష్యుని కాచువాడు మూడవవాడు. వాని పని లెక్కలు చూచు గుమాస్తా పనివంటిది. ఫేజు తీగవెంట లోనికి పోయిన కరెంటెంతయో, న్యూట్రలు తీగవెంట తిరిగి వచ్చినదెంతయో క్షణక్షణము సరిచూచుచుండును. పోయిన పద్దును వచ్చిన పద్దును సమానమైనచో ఊరకుండును. వచ్చినది తక్కువైనచో, ఆ తక్కువైన భాగము మరియొక త్రోవను నేలలోనికి పోవుచున్నదన్నమాట. ఆ త్రోవ తడిగోడ కావచ్చును, మనుష్యదేహమే కావచ్చును. ఇండ్లకు వాడు సాధనమున ఈ తేడా 30 మిల్లీ ఆంపియర్లు కాగానే, సెకనులో పదింట మూడు పాళ్ళు గడువకముందే మీట పడిపోవును. తేడా ఇంకను ఎక్కువైనచో ఇంకను త్వరగా పడును.

ఇట్టి మీట పడినపుడు మనము చేయుచున్నదేమి? ఈ విషయమున మాకు తెలిసిన యొక వృత్తాంతమును చెప్పెదము. మా వీథిలో నొక యింట ప్రతిదినము ఉదయము బట్టల మిషను వేసిన కొంతసేపటికి ఆర్‌సీసీబీ పడిపోవుచుండెను. రెండు మూడు దినములు ఎత్తిరి. నాలవ దినమున గృహస్థుడు విసిగి కరెంటు పనివానిని పిలిపించి, "ఈ దరిద్రపు మీట తీసిపారేసి డైరెక్టు చేసెయ్యి" అనెను. పనివాడు "అది ఉండాలండి" అని యొక మాట చెప్పి చూచెను. గృహస్థుడు మరల అదేమాట అనెను. రెండు తీగముక్కలతో పని ముగిసెను. మీట పడుట మానెను. ఇంటిలో అందరును సంతోషించిరి.

కొన్ని దినముల తరువాత ఆ యింట పనిచేయు మనిషి, "అమ్మగారూ, మిషను ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందండి" అని చెప్పినది. "చెప్పులేసుకుని ముట్టుకోవే" అని సమాధానము వచ్చినది. చెప్పులు గుమ్మము వెలుపల విడిచి రావలెనని ఆమెకు నియమము పెట్టినదియు ఆ యింటివారే. వట్టికాళ్ళతో, తడినేలపై నిలిచి ఆమె మరికొన్ని వారములు బట్టలు తీసినది. ఒకనాడు మిషను మూతపై చేయి వేయగనే వెనుకకు విసరివేయబడి గోడకు కొట్టుకొని పడినది. భుజము విరిగినది, ప్రాణము దక్కినది. మిషను విప్పి చూడగా నీరు వేడిచేయు కమ్మి పగిలి, దాని కరెంటు రేకునకు అందుచుండెను. ఈ సంగతిని పెట్టె మొదటి దినముననే చెప్పినది; తరువాత ఆ పనిమనిషి చెప్పినది. ఆ యింట మొర పెట్టినది వీరిద్దరే. ఇద్దరి మాటయు ఎవరును వినలేదు.

ఈ కథలో మిక్కిలి విచారింపదగిన విషయమొకటి కలదు. మీటను తీయించిన గృహస్థుడు బట్టల మిషనును ఎన్నడును తాకువాడు కాడు. మన యిండ్లలో కరెంటు వస్తువులను తడిచేతులతో, తడికాళ్ళతో తాకువారు స్త్రీలు, పనివారు, పిల్లలు. పెట్టెనుగూర్చి తీర్మానించువారు వేరొకరు. తీర్మానించువారికి దెబ్బ తగులదు, దెబ్బ తగులువారికి తీర్మానించు హక్కులేదు. ఇదియే ఈ అనర్థమునకు మూలమని మేము తలంచుచున్నాము.

"ఎర్తు ఉన్నది గదా, ఆర్‌సీసీబీ ఎందుకు?" అని కొందరు వాదింతురు. ఎర్తు ఉండవలెను. మూడు ముండ్ల ప్లగ్గులోని పొడుగు ముల్లును విరిచి రెండు ముండ్ల సాకెట్టులో దూర్చువారు, అసలు ప్లగ్గే లేకుండ తీగకొనలను అగ్గిపుల్లలతో సాకెట్టులో బిగించువారు తమ ప్రాణములతో చెలగాటమాడుచున్నవారే. కాని ఎర్తు ఒక్కటియే చాలునా? లెక్క చూతము. మన యింటికి వచ్చునది 230 వోల్టులు. పెరటిలో బొగ్గు, ఉప్పు పోసి పూడ్చిన ఎర్తు గోతి నిరోధము 10 ఓములనుకొందము. రేకునకు ఫేజు తగిలినపుడు ఆ త్రోవను పారు కరెంటు 23 ఆంపియర్లు. ఇంత కరెంటు పారినను 16 ఆంపియర్ల ఎమ్‌సీబీ వెంటనే పడదు. వేడెక్కి పడుటకు చాలసేపు పట్టును. అంతవరకు రేకుమీద ప్రమాదకరమైన వోల్టేజి యుండును. వేసవిలో గోతిలోని మన్ను ఎండిపోయి నిరోధము పెరిగినచో ఆ మీట ఎన్నటికిని పడకపోవచ్చును. ఆర్‌సీసీబీకైనచో 23 ఆంపియర్లవరకు అక్కరలేదు. అందులో ఏడువందలవ వంతు చాలును. కావున ఎర్తును, ఆర్‌సీసీబీయు ఒకదానికొకటి తోడు. ఎర్తు ఉన్నచో మనుష్యుడు తాకకముందే మీట పడును; ఎర్తు లేనిచో మనుష్యుడు తాకిన పిమ్మట పడును. ఈ భేదము చిన్నది కాదు.

ఇక పెట్టెను అమర్చు విధానము. కాకినాడలో మా మేనల్లుని యిల్లు నలువదియేండ్ల నాటిది. దానిలోని చెక్కబోర్డును, పింగాణి ఫ్యూజులను తీసివేసి క్రొత్త పెట్టె పెట్టించినపుడు మేము రెండు దినములు ఆ పనిదగ్గరనే కూర్చుండి చూచితిమి. పనిచేసినవాడు ఏబదియేండ్లవాడు, పర్మిటు గలవాడు, తొందరపడనివాడు. అతడు మొదట విద్యుత్తు సంస్థవారికి చెప్పి లైనుమనుచేత స్తంభమునుండి వచ్చు కరెంటును ఆపించెను. మెయిను కట్టినచో చాలదా యని మేమడిగితిమి. "చాలదండి మాస్టారూ. మెయిన్ కడితే దాని కింద చచ్చిపోతుంది గాని, పైనుంచి వచ్చే తీగలో కరెంటు అలాగే ఉంటుందండి. నా చెయ్యి అక్కడే గదండీ పెట్టాలి" అనెను. పిమ్మట ఇన్వర్టరును ఆపి, బ్యాటరీ తీగలను కూడ విప్పెను. వీథిలో కరెంటు పోయినను ఇన్వర్టరు గదులకు కరెంటు పంపుచునే యుండును. దీనిని మరచిన పనివారు ఎందరో దెబ్బతినిరి. ఇంటికప్పుపై సౌరఫలకములు గలవారు వానినిగూర్చియు ఇట్లే జాగ్రత్త పడవలెను.

అంతటితో నతడు తృప్తి పడలేదు. బల్బునకు రెండు తీగలు తగిలించిన పరీక్షదీపమును ప్రక్కవాటా సాకెట్టులో పెట్టి వెలుగుచున్నదని చూచెను. పిమ్మట తాను ముట్టదలచిన తీగలకు పెట్టి వెలుగలేదని చూచెను. మరల ప్రక్కవాటాకు పోయి వెలుగుచున్నదని చూచెను. ఇన్నిసార్లు ఎందుకని అడుగగా, "మధ్యలో బల్బే పోయిందనుకోండి, కరెంటు లేదనుకుని చెయ్యి పెట్టేస్తాం గదండీ" అనెను. జేబులోని టెస్టరు వెలుగలేదన్న ధైర్యముతో తీగను పట్టుకొను కుర్రవాండ్రు ఈ యొక్క మాటను నేర్చిన చాలును.

పెట్టెకు చోటు ఏర్పరచుటలో ముఖ్యముగా చూడవలసినవి రెండే: అది పొడిగానుండవలెను, మనిషి నిలుచుండి చేయి చాపిన అడ్డములేక అందవలెను. మన గృహస్థులు దీనికి మొదట వాస్తును చూతురు. అగ్నిదేవుని మూల గనుక ఆగ్నేయమున పెట్టుమందురు. ఆగ్నేయము పొడిగానున్నచో మాకాక్షేపణ లేదు. కాని ఒక యింట ఆగ్నేయమూలలో గిన్నెలు కడుగు తొట్టి యుండగా దానిపైననే పెట్టెను బిగించియుండుట మేము చూచితిమి. కుళాయి త్రిప్పినపుడెల్ల తుంపరలు పెట్టె తలుపుపై పడుచుండెను. ఆ యింట దిక్కు నెగ్గినది. ఇంటివారి క్షేమము ఓడినది.

ఇనుప పెట్టెను గోడలో నిలిపిన పిమ్మట ఆ పనివాడు చేసిన చిన్నపనులు మాకు పెద్దవిగా తోచినవి. తీగలు దూరు రంధ్రముల అంచులు కత్తివలె నుండును గనుక వానికి రబ్బరు బుష్షులు తొడిగెను. ఉపయోగపడని రంధ్రములను మూసివేసెను. అట్లు మూయనిచో బల్లులును చీమలును లోనికి చేరును. బల్లి రెండు తీగల నడుమ పడి కాలిపోయిన పెట్టెలు మన ప్రాంతమున క్రొత్తవి కావు. పెట్టెకును, పెట్టె తలుపునకును వేరువేరుగా పచ్చతీగతో ఎర్తు కలిపెను. పిమ్మట ముందుగా ఎర్తులు, తరువాత న్యూట్రళ్ళు, చివరకు ఫేజులు అను క్రమమున తీగలు బిగించెను. మన దేశపు వాడుకలో ఎరుపు, పసుపు, నీలము ఫేజులు, నలుపు న్యూట్రలు, పచ్చ ఎర్తు. చేతికందిన రంగు తీగను ఎచ్చటబడిన అచ్చట వాడినవాడు తన తరువాత ఆ పెట్టె తెరచువానికి గోతిని త్రవ్వినవాడగును.

ఒక్కొక్క తీగకు తగిన మీటను పెట్టుట మరియొక ముఖ్యవిషయము. రాగితీగ ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్లదైనచో దీపములకు 6 గాని 10 గాని ఆంపియర్ల మీట. రెండున్నర తీగకు 16. నాలుగు తీగకు 20 గాని 25 గాని. ఏసీ వేయగానే 16 మీట పడుచున్నదని 32 మీట పెట్టించువారు కలరు. మీట పడుట మానును గాని గోడలోని తీగ అంత కరెంటును మోయలేక లోలోన కాలును. పూర్వము కిట్‌క్యాటులో ఫ్యూజు తీగకు బదులు లావు రాగితీగ చుట్టినవారి బుద్ధియే ఇది. మీటను పెంచదలచినవాడు ముందు తీగను మార్చవలెను.

అన్నిటికంటె ఎక్కువ సమయమును అతడు మరలు బిగించుటలో గడపెను. బిగించిన ప్రతి తీగను పట్టి లాగి చూచెను. పలు పోగుల తీగలకు కొనలయందు లగ్గులు నొక్కెను. మర క్రింద రాగికి మారుగా ప్లాస్టిక్కు తొడుగు పడలేదు గదా యని వంగి చూచెను. వదులు మర ఏ మీటకును కనబడని శత్రువు. అచ్చట పారు కరెంటు మామూలుగానే యుండును, పోయిన పద్దు వచ్చిన పద్దు సరిగానే యుండును. కాని ఆ యొక్క చోట వేడి పుట్టి నల్లబడి యొకనాడు మంట లేచును. మూడు ఫేజుల యిండ్లలో న్యూట్రలు వదులైనచో 230 వోల్టులుండవలసిన సాకెట్లలో 400 వోల్టుల దాకను పెరిగి టీవీలు, ఫ్రిజ్జులు కాలిపోవును. "న్యూట్రల్ పోయింది" అని ఊరంతయు చెప్పుకొను ఉపద్రవమున కిదియు నొక కారణము.

చివర పరీక్షలు. ఐదువందల వోల్టుల మెగ్గరుతో తీగల తొడుగులను పరీక్షించెను. ఒక మెగా ఓముకు తగ్గరాదు. ఎర్తు నిరోధమును కొలిచెను. కరెంటు వచ్చిన పిమ్మట ఆర్‌సీసీబీపై 'టి' యని యున్న బొత్తామును నొక్కగా టక్కున పడెను. "నెలకోసారి మీరే నొక్కుకోండమ్మా. పడకపోతే నాకు కబురు పెట్టండి" అని మా మేనల్లుని భార్యకు చెప్పెను. ఆ బొత్తాము మీట పనిచేయుచున్నదని మాత్రమే చెప్పును. ఎర్తు బాగున్నదని చెప్పదు. కావున ఎర్తును వేరుగా పరీక్షింపవలసినదే.

రెండవ దినము సాయంకాలము కూలి లెక్క వేయునపుడు మేమొక సంగతి గ్రహించితిమి. ఈ పనికి కూలి పాయింటు లెక్కన కట్టుట మన ఊళ్ళలో వాడుక. దీపమొక పాయింటు, ఫ్యానొక పాయింటు, సాకెట్టొక పాయింటు. పరీక్ష పాయింటు కాదు. మరను రెండవసారి బిగించుట పాయింటు కాదు. ప్రక్కవాటాకు రెండుసార్లు పోయి దీపము చూచుట పాయింటు కాదు. ప్రాణమును కాపాడు పనులకు మనము కూలి యీయము. కనబడు పనులకు మాత్రమే ఇత్తుము. ఇట్లుండగా పనివాడు తొందరపడుచున్నాడని నిందించుట న్యాయమా? 2003 నాటి విద్యుచ్చట్టము క్రింద 2023లో వెలువడిన భద్రతానియమములును, అంతకుముందు 1956 నుండి యున్న నియమములును, బల్బులు, ఫ్యూజులు, మీటలు మార్చుటవంటి చిన్నపనులు తప్ప తక్కిన వైరింగు పని లైసెన్సుగల కాంట్రాక్టరుచేత, యోగ్యతాపత్రము గలవాని పర్యవేక్షణమున జరుగవలెనని విధించుచున్నవి. నియమము పుస్తకమున కలదు. ఇండ్లలో పనిచేయునది మాత్రము పదునారేండ్ల సహాయకుడు. చేతికి తొడుగు లేదు, కాలికి చెప్పు లేదు, చేయు పనికి పేరు లేదు. ఇరువది లక్షల తలుపులు, పాలరాళ్ళు పెట్టు గృహస్థుడు పర్మిటు చూపుమని అడుగడు. తక్కువ కూలికి వచ్చువాడెవడని అడుగును.

ఆర్‌సీసీబీ వలన కలుగు చిక్కులు కల్పితములని మేము చెప్పుటలేదు. పాత తీగలున్న యిండ్లలో, వర్షాకాలమున, నిష్కారణముగా పడినట్లు తోచుట కలదు. ఇల్లంతయు ఒకే మీటక్రింద నుంచినచో ఒక్కొక్క వస్తువునుండి జారు స్వల్పపు కరెంటులు కూడి మీట పడును. అర్ధరాత్రమున ఇల్లంతయు చీకటియగును. దీనికి మందు కలదు. వంటిల్లు, స్నానపుగదులు ఒక ఆర్‌సీసీబీక్రిందను, తక్కిన గదులు మరియొకదానిక్రిందను పెట్టవలెను. ఒకదాని న్యూట్రలు తీగలను మరియొకదానితో కలుపరాదు. పడినపుడు అన్ని చిన్నమీటలను దించి, పెద్దదానిని ఎత్తి, ఒక్కొక్కటిగా ఎత్తుచు పోయినచో ఏ గదిలో దోషమున్నదో తెలియును. పావుగంట పని. ఒకటి తెలిసికొనవలెను: ఒకేసారి ఒక చేత ఫేజును, రెండవచేత న్యూట్రలును పట్టుకొన్నవానిని ఈ మీటయు కాపాడలేదు; ఆ పద్దు సరిపోయినట్లే దానికి కనబడును. కావున మీట యున్నదను ధైర్యముతో అజాగ్రత్త కూడదు.

అద్దెయిండ్లవారి బాధ వేరు. పెట్టె యజమానునిది, ప్రాణము అద్దెవానిది. ఇల్లు కుదుర్చుకొనునపుడు నీళ్ళు వచ్చునా, గాలి వచ్చునా యని అడుగువారు ఆర్‌సీసీబీ కలదా, ఎర్తు కలదా యని కూడ అడుగవలెను. అందరును అడుగ మొదలిడిననాడు యజమానులు పెట్టక మానరు. ఒక్క బల్బు, ఒక్క ఫ్యాను గల పేదయింటివారికి ఇది స్వయముగా పెట్టించుకొను స్తోమత లేదు. ప్రభుత్వము కట్టించి యిచ్చు ప్రతి యింటను మొదటి దినముననే ఇది యుండునట్లు చేయుట ధర్మము.

మేము కోరు సంస్కారములు కొన్నియే. పడిన మీటను డైరెక్టు చేయమని ఎవరును చెప్పరాదు. చెప్పినను పనివాడు చేయరాదు. చేయి జివ్వుమన్నదని చెప్పినవారు ఎవరైనను, ఇల్లూడ్చు మనిషియైనను, ఐదేండ్ల బిడ్డయైనను, ఆ క్షణమున ఆ వస్తువునకు కరెంటు ఆపి పరీక్ష చేయించిన పిమ్మటగాని మరల ముట్టరాదు. పరీక్షకు వేరుగా కూలి యీయవలెను. పెట్టెలోని ప్రతి మీటక్రిందను అది ఏ గదిదో తెలుగున వ్రాసి అంటింపవలెను. ఇంగ్లీషు అక్షరములతో 'ఎస్సెస్సెన్' యని వ్రాసిన చీటి ఆపదలో ఎవరికి ఉపకరించును? 'వంటిల్లు', 'గీజరు', 'మేడమీది దీపములు' అని వ్రాసినచో ఇంటిలో చదువను నేర్చిన ప్రతివారును చదువగలరు. ఇంటిలోని స్త్రీలకు, పిల్లలకు, పనివారికి మెయినును కట్టుట నేర్పవలెను. కరెంటు పట్టుకొన్నవానిని చేతితో లాగరాదనియు, ముందుగా మెయిను కట్టవలెననియు ఎరిగినవారు ఆ సమయమున ఒక్కరున్నను రెండవ ప్రాణము పోకుండును.

చదువరులారా! ఇది చదివి ముగించిన పిమ్మట మీ యింటి పెట్టెపైనున్న క్యాలెండరును ప్రక్కకు జరుపుడు. తలుపు తెరచి, 'టి' యను బొత్తాము గల మీట యొకటి అందున్నదో లేదో చూడుడు. ఉన్నచో ఒకసారి నొక్కుడు, పడినచో సంతోషింపుడు. లేకున్నను, ఉండియు పడకున్నను, రేపటి పనులలో దీనిని మొదటిదిగా పెట్టుకొనుడు. ఆ క్యాలెండరును మాత్రము మరియొక మేకునకు తగిలింపుడు. దేవునికి ఇంటిలో చోటులు చాల కలవు.